వేసినవి, పొక్కినవి

నా భర్త పోయిన మరుసటి ఏడాది నేను టీకాలు వేసే ఉద్యోగంలో చేరాను. ఆయన మిషన్ బడిలో పంతులు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. పిల్లలు లేరు. ఏలూరులో మా నాన్నగారి ఇంటికి వచ్చేశాను. నాన్నగారు రైల్వేలో పాయింట్స్‌మన్. చర్చిలో మాకు తెలిసిన నర్సమ్మ ఒకావిడ, ఆడవాళ్ళకీ పసిబిడ్డలకీ టీకాలు వేయడానికి చదువుకున్న ఆడమనిషి కోసం చూస్తున్నారని చెప్పింది. మా అమ్మ ఒప్పుకోలేదు. ఊరూరా తిరిగే ఉద్యోగం ఆడదానికేమిటని ఏడ్చింది. నాన్నగారు మాత్రం అన్నం తింటూ ఒక్క మాట అన్నారు.

"వెళ్తే వెళ్ళమ్మా. కానీ దిగాక సగంలో గట్టెక్కి కూర్చోకు."

ఆ మాట పట్టుకునే దిగాను.

మా జట్టులో అయిదుగురం. ఏలూరు టౌనుకు ఒకరు, తాడేపల్లిగూడెం వైపు ఒకరు, అత్తిలి వైపు ఒకరు, కాలవ మీది ఊళ్ళకు ఒకరు. మిగిలిన కొల్లేరు లంకలు నాకిచ్చారు. కొత్తగా వచ్చిన మనిషికి ఎవరూ కోరనిది ఇవ్వడం ఏ ఆఫీసులోనైనా ఉన్నదే. మేం ఒకరినొకరం పేర్లతో పిలుచుకునేవాళ్ళం కాదు. గూడెం గారు, అత్తిలి గారు అనుకునేవాళ్ళం. నన్ను కొల్లేరమ్మా అనేవారు. మా అందరి మీదా ఒక హెల్త్ ఇన్‌స్పెక్టర్ గారు ఉండేవారు. పొడుగాటి మనిషి. ఒక్క కాణీ లంచం ఎరగని మనిషి. కానీ నవ్వడం నేను చూసిందీ తక్కువే.

ఆ పని తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. జబ్బచర్మాన్ని సూదితో కొద్దిగా గీరి, సన్నటి గాజు గొట్టంలో వచ్చే మందు చుక్క అక్కడ రాసేవాళ్ళం. మందు పట్టిందంటే వారం గడిచేసరికి ఆ చోట పొక్కు లేస్తుంది. అది ఎండి రాలిపోయాక మచ్చ మిగులుతుంది. ఆ మచ్చే మశూచికి అడ్డు. పొక్కకపోతే వేసినా వేయనట్టే. అందుకని ఎనిమిదో నాడు మళ్ళీ వెళ్ళి చేతులు చూడాలని నియమం. నియమం అలా ఉండేది. జరిగేది వేరు.

నెలకోసారి ఏలూరులో కాలవ ఒడ్డున మా ఆఫీసు వరండాలో మీటింగు జరిగేది. గోడకి ఒక నల్లబోర్డు. ఇన్‌స్పెక్టర్ గారు స్వయంగా సుద్దముక్క పట్టుకుని, ఆ నెలలో ఎవరు ఎన్ని టీకాలు వేశారో ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాసేవారు. అట్టడుగున ఉన్నవారిది ఎర్ర సుద్దతో రాసేవారు. ఆ ఎర్ర అక్షరాల్లో వచ్చే నెల మీటింగు దాకా కొల్లేరు అనే మాట ఉండేది. ఆఫీసుకు వచ్చే బంట్రోతు కూడా దాన్ని చూసి నావైపు చూసేవాడు. అందరికన్నా పైన ఎప్పుడూ గూడెం గారే.

నేను బద్ధకించి వెనకబడలేదు. లంకకు చేరడానికే పూట పట్టేది. తాటిదోనెలో కూర్చుని, కిక్కిసగడ్డి మధ్య దారి వెతుక్కుంటూ వెళ్ళాలి. గాలి ఎదురు తిరిగితే దోనె నడిపే ఆయన గెడ దించి, "ఇయ్యాలికి ఇంతేనండమ్మా" అనేవాడు. తీరా చేరితే పసిపిల్లల్ని చంకనేసుకుని తల్లులు గడ్డిలోకి వెళ్ళిపోయేవారు.

"ఎల్లండమ్మా, ఎల్లండి. అమ్మోరితో ఆటలా?" అని ఒక ముసలావిడ ప్రతిసారీ వల పట్టుకుని నా ఎదురుగా నిలబడేది.

నేను కదిలేదాన్ని కాదు. వాళ్ళ గడపలో కూర్చుని చేపలు తోమే ఆడవాళ్ళతో మాటలు కలిపేదాన్ని. సాయంత్రానికి ఒకరో ఇద్దరో తల్లులు బిడ్డల చేతులు చాపేవారు. ఆ ఒకరిద్దరూ బోర్డు మీద ఏపాటి?

గూడెం గారు మంచివారు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఒకసారి మీటింగు అయ్యాక నా ముఖం చూసి పక్కకు పిలిచారు.

"కొల్లేరమ్మా, ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి. పసిబిడ్డల వెంట పడితే రోజు గడిచిపోద్ది. సంతలో నిలబడండి. మిల్లు దగ్గర కూలీలు వరసలో ఉంటారు, పెద్దవాళ్ళు చెయ్యి చాచమంటే చాస్తారు. బడి దొరికితే బడి పట్టుకోండి. లెక్కకి ఎవరి చెయ్యయినా చెయ్యేనండీ."

"వాళ్ళకి చిన్నప్పటి మచ్చలు ఉంటాయి కదండీ. పుట్టి ఏడాది కాని బిడ్డకి కదండీ ముందు కావలసింది?"

"అది నాకూ తెలుసమ్మా. బోర్డుకి తెలియద్దూ?" అని నవ్వి వెళ్ళిపోయారు.

ఆ మాట నాకు కోపం తెప్పించలేదు. ఆయన చెప్పింది నిజం. పాత మచ్చ ఉన్న మగవాడికి మళ్ళీ వేసినా ఒకటే, ముక్కుపచ్చలారని బిడ్డకి మొదటిసారి వేసినా ఒకటే. అయినా నేను సంతలో నిలబడలేదు. ఎర్ర సుద్దకి అలవాటు పడదామనే నిశ్చయించుకున్నాను. అలవాటు కాలేదు, అది వేరే సంగతి.

చలి తగ్గుతున్న రోజుల్లో గూడెం పక్క ఊరిలో అమ్మవారు పోసిందని కబురు వచ్చింది. మొదట ఎవరూ నమ్మలేదు. ఆ ఊళ్ళో ఇంటింటికీ టీకాలు పూర్తి అయ్యాయని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, ఇన్‌స్పెక్టర్ గారు మా అందరి ముందూ గూడెం గారిని మెచ్చుకుని ఎంతో కాలం కాలేదు. ఆ ఊళ్ళోనే ఒక బిడ్డ పోయాడు. టీకా వేయించుకున్న బిడ్డే.

ఇన్‌స్పెక్టర్ గారు మమ్మల్నందరినీ ఆఫీసుకు పిలిచారు. కోపంతో ఆయన చేతిలోని సుద్ద విరిగింది.

"ఇది మోసం. వెయ్యకుండానే వేశానని రాశారు. మీ మీద పైకి రాస్తున్నాను. ఉద్యోగం ఉంటుందనుకోకండి" అన్నారు గూడెం గారితో.

"వేశానండీ. ప్రతి చేతికీ వేశానండీ" అన్నారాయన.

మేం అయిదుగురం వెళ్ళి ఆ ఊరంతటికీ మళ్ళీ టీకాలు వేయాలని ఆర్డరు వేశారు. మర్నాటి పాసింజరులో ఇన్‌స్పెక్టర్ గారితో కలిసి గూడెంలో దిగి, అక్కడి నుంచి బండి కట్టించుకుని వెళ్ళాం.

బిడ్డ పోయిన ఇంటికి నన్ను పంపారు. ఆడమనిషి వెళ్తే నయమనుకున్నారు. వేపమండలు కట్టిన గుమ్మం దగ్గర ఆ తల్లి కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. పక్కన నాలుగేళ్ళ ఆడపిల్ల, పోయిన పిల్లాడి అక్క. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చూశాను. జబ్బ నున్నగా ఉంది.

"ఈ అమ్మాయికి టీకా వేశారా అమ్మా?" అని అడిగాను.

"వేశారండీ. ఇద్దరికీ ఒకేరోజు వేశారు. పిల్లాడు ఏడవను కూడా లేదు" అంది.

"పొక్కిందా?"

"ఏమోనండీ. ఏమీ రాలేదు. రాకపోతే మంచిదేననుకున్నాం."

"వేసినాయన మళ్ళీ వచ్చి చూశారా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ పిల్లకి టీకా వేశాను. ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. గీరిన గుర్తు కొన్ని చేతుల మీద ఇంకా లీలగా ఉంది. మచ్చ ఉన్న చేతులు బహు తక్కువ. గూడెం గారు అబద్ధం ఆడలేదు. వేశారు. పొక్కలేదు.

మధ్యాహ్నం బడి చూరు కింద ఆయన ఒక్కరే కూర్చుని గడ్డిపరక తుంచుతున్నారు. మిగతావాళ్ళు ఆయన దగ్గరికి వెళ్ళడం లేదు. నేను వెళ్ళి కాస్త ఎడంగా కూర్చున్నాను.

"ఏం జరిగిందండీ?"

చేతిలోని పరక పడేసి చెప్పారు.

"ఒక గొట్టం మందు ఎందరికి రావాలో అందరికే వెయ్యాలండీ. నేను అంతకు రెట్టింపు మందికి లాగేవాణ్ణి. చుక్కని చుక్కగా కాకుండా తడి అంటేటంత పలచగా రాసేవాణ్ణి. మందు అయిపోతే మళ్ళీ వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి కదండీ, లెక్క పడిపోద్ది. జేబులో పెట్టుకుని ఎండలో తిరిగేవాణ్ణి. వేడికి మందు చస్తుందని వినే ఉన్నాను."

"ఎనిమిదో నాడు వెళ్ళి చూస్తే తెలిసేది కదండీ?"

ఆయన నావైపు చూశారు. "వెనక్కి వెళ్ళిన రోజుకి బోర్డు మీద గడి లేదమ్మా. వెళ్తే ఆ రోజు సున్నా. పైన ఉన్నవాడికి కిందకి పడ్డం ఎంత భయమో మీకు తెలీదు."

నిజంగానే నాకు తెలియదు. కింద ఉన్నవాళ్ళ సంగతే నాకు తెలుసు. కానీ ఆ మాటతో ఒకటి తేటపడింది. ఈయన్ని పంపించేస్తే ఈ చోట్లోకి ఇంకొకరు వస్తారు. అదే బోర్డు, అదే సుద్ద. ఇంకో ఊళ్ళో ఇంకో నున్నటి చెయ్యి. ఇన్‌స్పెక్టర్ గారితో మాట్లాడాలని అక్కడే తీర్మానించుకున్నాను. నా ఉద్యోగం పర్మనెంటు కూడా కాలేదు. అయినా మాట్లాడాల్సిందే.

ఆ సాయంత్రం గూడెం స్టేషన్లో పాసింజరు ఆలస్యమైంది. ఇన్‌స్పెక్టర్ గారు ప్లాట్‌ఫారం చివర ఒంటరిగా పచార్లు చేస్తున్నారు. దగ్గరికి వెళ్ళి, "ఏవండీ, ఒక మాట చెప్పుకోవచ్చా?" అన్నాను.

"చెప్పండమ్మా."

"ఆయన మీద ఇప్పుడే పైకి రాయకండి."

ఆయన ఆగిపోయారు. "బిడ్డ పోయాడమ్మా. మీరు ఆ ఇంటికి వెళ్ళొచ్చి ఆయన్ని వెనకేసుకొస్తున్నారా?"

"వెళ్ళొచ్చాను కనకే అడుగుతున్నానండీ. ఆయన తప్పు ఉంది. లేదనడం లేదు. కానీ మీరు మమ్మల్ని ఎన్ని వేశారనే అడిగారు. ఆయన అదే తెచ్చి ఇచ్చారు."

నా గొంతు నాకే పెద్దగా వినపడింది. పక్కన గోనెసంచుల మీద కూర్చున్న ఒకాయన తల తిప్పి చూశాడు.

"అంకెలు అడిగేది నేను కాదు, పైవాళ్ళు. అంకెలే వద్దంటారా? అప్పుడు ఎవరు పనిచేస్తున్నారో ఎవరు నిద్రపోతున్నారో నాకెలా తెలియాలి?"

"వద్దనడం లేదండీ. ఇంకో అంకె కూడా కావాలంటున్నాను. వేసినవాటిలో ఎన్ని పొక్కాయి? అది అడగండి. అది తగ్గితే ఎర్ర సుద్ద తియ్యకుండా, ఎందుకు తగ్గిందని అడగండి. అంతేనండీ."

"అడిగితే అందరూ అన్నీ పొక్కాయనే చెప్తారు."

"ఎర్ర సుద్ద ఉన్నంతకాలం చెప్తారండీ."

అంతలో బండి వచ్చింది. నేను ఆడవాళ్ళ పెట్టెలోకి, ఆయన తన పెట్టెలోకి ఎక్కాం. ఏలూరు వరకూ నా ఉద్యోగం ఉన్నట్టా పోయినట్టా అనుకుంటూ కూర్చున్నాను. దిగాక స్టేషన్ గేటు దగ్గర ఆయన నాకోసం ఆగి ఉన్నారు.

"సరే. ముందు మీ కొల్లేరే చూద్దాం. మీరు ఈ మధ్య వేసిన లంక ఒకటి చెప్పండి, ఎనిమిదో నాడు నేను వస్తాను. గూడెం ఆయన్ని కూడా తీసుకొస్తాను."

నా పనిని ముందు పరీక్షకు పెడతారని నేను అనుకోలేదు. అయినా భయపడలేదు. నా మందు నేను పలచన చేయలేదు. దోనెలో తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టి తీసుకెళ్ళేదాన్ని. ఎనిమిదో నాడు మళ్ళీ ఆ లంకకు చేరడం నాకూ కుదిరేది కాదు, అయినా నేను వేసిన చేతులన్నీ పొక్కి ఉంటాయని నాకు నమ్మకం.

మేం ముగ్గురం లంకకు వెళ్ళాం. ఇన్‌స్పెక్టర్ గారు ఆ ఉద్యోగంలోకి వచ్చాక దోనె ఎక్కడం అదే మొదటిసారి. రెండు చేతులతో అంచు పట్టుకుని కూర్చున్నారు. లంకలో తల్లులు, నన్ను చూసి, వచ్చింది సూది కాదని తెలిసి, బిడ్డల్ని తెచ్చారు. నేను మొదటి బిడ్డ చొక్కా తీశాను. నున్నటి చెయ్యి. రెండో బిడ్డది పొక్కింది. మూడో బిడ్డది మళ్ళీ నున్నగా ఉంది. అలా సగానికి పైగా.

ఇన్‌స్పెక్టర్ గారు నన్ను చూస్తున్నారు. గూడెం గారు నీళ్ళవైపు తిరిగి నిలబడ్డారు, నా ముఖం చూడకుండా ఉండడానికి. ఇప్పటికీ ఆ మర్యాద నాకు గుర్తు.

"ఎందుకమ్మా ఇలా?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

ఆ ఉద్యోగంలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆయన అడిగిన తీరులో నింద లేదు. తెలుసుకోవాలన్నట్టే ఉంది. నిజానికి నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను.

అప్పుడు గూడెం గారు ఒక తల్లిని అడిగారు. "అమ్మా, టీకా వేశాక ఏం చేశారు?"

"ఏం సేత్తామండీ? అమ్మగారు దోనెక్కగానే పసుపునీళ్ళతో కడిగేసేమండీ. లేపోతే అమ్మోరికి కోపం కాదండీ?"

"ఎంతమంది కడిగారు?"

"శానామందిమండీ. అమ్మగారు బాధపడతారని సెప్పలేదండీ."

నేను నమ్మలేకపోయాను. రెండేళ్ళుగా ఆ గడపల్లో కూర్చున్నాను. వాళ్ళ చేపలు తిన్నాను. నేను వెళ్ళగానే ఏం చేస్తున్నారని ఒక్కసారీ అడగలేదు. కన్నీళ్ళు వచ్చాయి కానీ ఆపుకున్నాను. ఇన్‌స్పెక్టర్ గారు తిరుగు దోనెలో చాలాదూరం వచ్చాక, "మందు ఆరేదాకా మీరు అక్కడే కూర్చుంటే?" అన్నారు.

"రోజుకి ఇప్పుడు వేసేవి కూడా వెయ్యలేనండీ. లెక్క ఇంకా పడిపోద్ది."

"పడనివ్వండి" అన్నారాయన.

తరవాతి మీటింగుకు బోర్డు మారింది. పై నుంచి కిందకి వరస లేదు. రైలు దారిలో ఊళ్ళు వచ్చినట్టు మా అయిదు చోట్లూ రాసి, చివర కొల్లేరు పెట్టారు. ఒకవైపు వేసినవి, ఒకవైపు పొక్కినవి, దాని పక్కన వెడల్పుగా ఖాళీ. ఆ ఖాళీలో పొక్కకపోవడానికి ఏం అడ్డొచ్చిందో ఎవరికి వారే చెప్పాలి. కొల్లేరు ఎదురుగా ఆయన "కడిగేస్తున్నారు" అని రాశారు. గూడెం ఎదురుగా ఏం రాస్తారోనని అందరం చూశాం. గూడెం గారే లేచి సుద్ద అడిగి, "మందు పలచన చేశాను, వేడికి పాడయింది" అని తన చేత్తోనే రాశారు.

అంత సులభంగా అందరూ ఒప్పుకోలేదు. అత్తిలి గారు ఆ నెలా, తరవాతి నెలా కూడా వేసినవన్నీ పొక్కాయనే చెప్పారు. ఒక్కటీ తప్పలేదట. పాత ఇన్‌స్పెక్టర్ గారైతే అక్కడే నిలదీసేవారు. మనిషి ఆయనే, కానీ ఆ రోజు శాంతంగా అన్నారు.

"బాగుందండీ. మాలో ఎవరికీ ఇలా రాలేదు. వచ్చే వారం మేమంతా అత్తిలి వచ్చి మీరు ఎలా చేస్తున్నారో చూసి నేర్చుకుంటాం."

అత్తిలి గారు తల ఊపారు. మూడు రోజులు తిరక్కుండానే ఆయన ఒక్కరే ఏలూరు వచ్చి, ఇన్‌స్పెక్టర్ గారితో వరండాలో మాట్లాడి వెళ్ళారు. అసలు సంగతేమిటంటే, ఎనిమిదో నాడు ఆయన వెళ్ళేసరికి తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని చేలల్లో పనికి వెళ్ళిపోయేవారు. చూడటానికి చేతులే దొరికేవి కావు. చూడలేదని చెప్పడానికి నామోషీ. దానికి మేమంతా కూర్చుని ఆలోచించాం. టీకా వేసే రోజును ముందుగా లెక్క వేసుకుంటే, ఎనిమిదో నాడు ఆదివారమో సంతరోజో అవుతుంది కదా అని టౌను ఆయన అన్నారు. అత్తిలి గారు అలాగే చేశారు. క్రైస్తవుల పేటల్లో ప్రార్థన విడిచేవేళకి చర్చి బయట నిలబడి చూసేవారట. సిగ్గుపడుతూనే చెప్పారు ఆ సంగతి.

టౌను ఆయన వేసినవాటిలో పొక్కినవి కొన్ని వారాల్లో బాగుండి కొన్ని వారాల్లో పడిపోయేవి. ఎందుకో తేలడానికి కొంతకాలం పట్టింది. చివరికి తేలింది ఏమిటంటే, టౌను మందు పార్సెలు ఆదివారానికి ముందురోజు వస్తే అది సోమవారం దాకా ఆఫీసు రేకుల గదిలో ఉండిపోయేది. గది తాళం ఇన్‌స్పెక్టర్ గారి దగ్గర. ఆ మాట టౌను ఆయన నోటితో చెప్పలేక నీళ్ళు నమిలారు. ఇన్‌స్పెక్టర్ గారు సుద్ద తీసుకుని, టౌను ఎదురుగా ఖాళీలో "ఇన్‌స్పెక్టర్ తాళం" అని రాశారు. ఆ రోజు మేం నవ్వాం, ఆయనా నవ్వారు. అప్పటి నుంచి పార్సెలు ఏ రోజు వచ్చినా తానే స్టేషన్‌కు వెళ్ళి తెచ్చి, ఇంట్లో నీళ్ళకుండల పక్కన తడి ఇసకలో పెట్టించేవారు.

గూడెం గారి సంగతి చెప్పాలి. ఆయన మీద రాయకుండా ఉండడం ఇన్‌స్పెక్టర్ గారికి కుదరలేదు. బిడ్డ పోయాడు కదా. ఉన్నదున్నట్టు రాశారు, దాంతోపాటు బోర్డు సంగతీ, తన సంగతీ రాశారు. గూడెం గారికి ఉద్యోగం దక్కింది, పైనుంచి గట్టి మందలింపు వచ్చింది. ఆ ఊరిని ఆయనకే వదిలారు. ఆ తల్లి ఆయన్ని గుమ్మంలోకి రానివ్వలేదు. ఆడపిల్ల చెయ్యి చూడటానికి నేనే వెళ్ళాను, ఆయన వీధిలో నిలబడ్డారు. పొక్కిందని నేను బయటికి వచ్చి చెప్పాక ఆయన నడవడం మొదలుపెట్టారు. తరవాత కూడా ఆ వీధికి ఆయన క్రమం తప్పక వెళ్ళేవారు. ఆవిడ ఆ తరవాతా ఎప్పుడూ ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడాలని ఎవరూ అనలేం.

మా కష్టం అంతటితో తీరలేదు. ఏడాది తిరిగేసరికి మా జట్టు వేసిన టీకాలు బాగా తగ్గాయి. ఎనిమిదో నాళ్ళకి రోజులు పోతున్నాయి, మందు ఆరేదాకా కూర్చోవడానికి గంటలు పోతున్నాయి. పైనుంచి ఘాటుగా కాగితం వచ్చింది. ఆ వెనకే పై ఆఫీసరు గారు కారులో వచ్చారు. మా బోర్డు చూసి, "ఇదేమిటి, సాకుల జాబితానా?" అన్నారు. చుట్టుపక్కల అన్నిచోట్లకన్నా మీరే వెనకబడ్డారన్నారు. వచ్చే నెల నుంచి లెక్క పెరగకపోతే జట్టునే మార్చేస్తానన్నారు.

ఇన్‌స్పెక్టర్ గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తడబడలేదు.

"తమరు వేసినవి చూస్తున్నారండీ. పొక్కినవి కూడా చూడండి. అవి పెరిగాయి. నిరుటికంటే తక్కువ వేశాం, నిరుటికంటే ఎక్కువమంది బిడ్డలకి మచ్చలున్నాయి."

"రాయడానికేముంది, ఏదైనా రాయచ్చు."

"రాసినవి చూడొద్దండీ. చేతులు చూడండి. ఏ ఊరు కావాలో తమరే చెప్పండి, ఇప్పుడే వెళ్దాం."

ఆఫీసరు గారు మా అయిదుగురినీ వరసగా చూశారు. అత్తిలి గారు ఒక అడుగు ముందుకి వేసి, "అత్తిలి వైపైనా రావచ్చండీ" అన్నారు. గూడెం గారు, "గూడెం అయినా సరేనండీ" అన్నారు. నేను కొల్లేరు పేరెత్తలేదు. ఆ కారు దోనె ఎక్కదు.

ఆఫీసరు గారు అత్తిలి దారిలో ఒక పల్లెకు వెళ్ళారు. ఇన్‌స్పెక్టర్ గారు వెంట వెళ్ళారు. పొద్దుగూకే వేళకి తిరిగొచ్చారు. మెచ్చుకున్నారని చెప్పలేను. ఆయన కారు దిగకుండానే వెళ్ళిపోయారు. కానీ జట్టును మార్చలేదు, మళ్ళీ అలాంటి కాగితమూ రాలేదు. ఉద్యోగంలో దాన్నే మెప్పు అనుకోవాలని ఇన్‌స్పెక్టర్ గారు అన్నారు.

ఆ తరవాతి చలికాలంలో ముదినేపల్లి వైపు నుంచి మశూచి కొల్లేటిలోకి వచ్చింది. చేపలు అమ్ముకోవడానికి వెళ్ళివచ్చిన ఒక పెద్దాయనకి ముందు పోసింది. ఆయన బతకలేదు. టీకా అంటే చివరిదాకా ఒప్పుకోని మనిషి. ఆ లంకలోనే, ఆయన ఇంటి చుట్టుపక్కల గుడిసెల్లో, పసిబిడ్డలు ఉన్నారు. రోజూ వెళ్ళి చూశాను. పొక్కిన మచ్చ ఉన్న బిడ్డల్లో ఒక్కరికీ రాలేదు. మచ్చలేని ఇద్దరు పెద్ద పిల్లలకి వచ్చింది, దేవుడి దయవల్ల తేలిగ్గా పోయింది. ఒకరి ముఖాన మాత్రం మచ్చలు మిగిలాయి.

ఆ నెల మీటింగులో కొల్లేరు వంతు వచ్చినప్పుడు నేనే లేచాను. ఇంకా నాలుగు లంకల్లో తల్లులు బిడ్డల్ని ఇవ్వడం లేదని, ఇప్పుడు భయంతో కొందరు ఒప్పుకునేలా ఉన్నారని, ఆలస్యం చేస్తే ఆ భయమే అమ్మవారి మొక్కుల్లోకి తిరిగిపోతుందని చెప్పాను. ఒక్కదాన్నే తిరిగితే నెల పడుతుంది.

"ఎవరైనా నాతో వస్తారా అండీ?" అని అడిగాను. పని దగ్గర సాయం కావాలని నోరు తెరిచి అడగడం నాకు అంతకు ముందు చేతకాలేదు.

గూడెం గారు, "మా గూడెం వైపు చేతులు ఈ వారం చూడటం అయిపోయింది, వస్తానమ్మా" అన్నారు. టౌను ఆయనా, కాలవ ఆయనా తలలు ఊపారు. అత్తిలి గారికి నీళ్ళంటే ప్రాణభయం. ఆయన అందరి ముఖాలూ చూసి, "దోనె మునగదు కదండీ?" అన్నారు.

"మునిగినా నడుం లోతేనండీ" అన్నాను.

మర్నాడు తెల్లవారగానే అయిదుగురం రెండు దోనెల్లో బయలుదేరాం. తడిగుడ్డ చుట్టిన కుండ నా ఒళ్ళో ఉంది. అత్తిలి గారు కళ్ళు మూసుకుని బైబిలు వాక్యం వల్లించుకుంటున్నారు. మొదటి లంక దగ్గర వలలు ఆరేసిన కర్రల పక్కన నలుగురు తల్లులు బిడ్డలతో నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి గడ్డిలోకి వెళ్ళిపోలేదు. అక్కడి నుంచే మొదలుపెట్టాం.